కేస్‌షీట్‌కు ఎక్కని గాయాలు



నర్సింగ్ పట్టాలు అందుకునే ఇలాంటి సభల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు ఎలాగూ వినిపిస్తుంది. ఆవిడ పేరు మీద ప్రతిజ్ఞ చేసినవాళ్ళే మీరంతా. నేను మరో ఇద్దరి గురించి చెబుతాను. ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో వార్డుల్లో పనిచేశారు, చూసింది చూసినట్టు రాశారు.

ఒకామె అమెరికన్, ఎలెన్ లా మోట్. బాల్టిమోర్‌లో క్షయ రోగుల మధ్య పనిచేసిన శిక్షణ పొందిన నర్సు. 1915లో బెల్జియంలోని ఫ్రెంచి సైనిక ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె పుస్తకంలోని మొదటి కథ ఇది: ఒక సైనికుడు యుద్ధం భరించలేక నోట్లో పిస్తోలు పెట్టుకుని కాల్చుకుంటాడు, కానీ చావడు. అతన్ని ఎలాగైనా బతికించాలని పైనుంచి ఆజ్ఞ. బతికితేనే గదా సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి, పారిపోజూసినందుకు కాల్చి చంపేది! అతనికి కట్టు కట్టాల్సింది నర్సు. 1916లో వచ్చిన ఆ పుస్తకాన్ని, అమెరికా కూడా యుద్ధంలోకి దిగాక, 1918లో అమ్మకుండా ఆపేశారు. 1934లో గానీ అది మళ్ళీ అచ్చు కాలేదు.

రెండో ఆమె గురించి ఇంకాస్త చెప్పాలి. ఆమె ఇంగ్లండుకు చెందిన వెరా బ్రిట్టెన్. మీలా నర్సింగ్ చదివిన మనిషి కాదు. 1914లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరి, మరుసటి ఏడాదే చదువు ఆపేసి, స్వచ్ఛందంగా ఆసుపత్రి పనికి వెళ్ళింది. లండన్, మాల్టా, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని ఎటాప్ల్. అక్కడ ఆమెకు గాయపడ్డ జర్మన్ ఖైదీల వార్డులో డ్యూటీ పడింది. అటు తమ్ముడు ఎడ్వర్డ్ జర్మన్లతో పోరాడుతుంటే, ఇటు అక్క జర్మన్ల పుళ్ళు కడుగుతోంది.

అంతకుముందే, 1915 డిసెంబరులో, ఆమె పెళ్ళాడాలనుకున్న రోలండ్ చనిపోయాడు. క్రిస్మస్ సెలవుకు వస్తాడని ఆమె ఎదురుచూస్తున్న రోజులవి. కొన్నాళ్ళకు అతని బట్టలు ఇంటికి చేరాయి. తూటా దూసుకుపోయి ముందూ వెనకా చిరిగిన కోటు, దాని మీద రక్తం, బురద, ఆ వాసన. ఆ బట్టలు తన కళ్ళముందు నుంచి తీసేయమంది రోలండ్ తల్లి. 1917లో ఇద్దరు స్నేహితులు పోయారు. వాళ్ళలో ఒకడు ముందు చూపు పోగొట్టుకుని, తర్వాత ప్రాణం పోగొట్టుకున్నాడు. 1918 జూన్‌లో ఇటలీలో ఎడ్వర్డ్ కూడా. యుద్ధం ముగిసేనాటికి ఆమెకు పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడి నుంచే మీకు సంబంధించిన సంగతి మొదలవుతుంది. 1919లో ఆమె ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి వెళ్ళింది. సాహిత్యం వదిలి చరిత్ర తీసుకుంది, ఇదంతా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని. కొత్త విద్యార్థులకు యుద్ధం మాట వినే ఓపిక లేదు. ఆ రోజుల్లో అద్దంలో చూసుకుంటే తన ముఖానికి గడ్డం మొలుస్తున్నట్టు కనిపించేదట! చాలా నెలలు ఎవరికీ చెప్పుకోలేదు. ఒంటి మీద చిన్న గీత కూడా లేని మనిషి. ఎవరికీ చెప్పుకోని బాధ ఏ కేస్‌షీట్‌కు ఎక్కుతుంది? మీరు పాఠాల్లో చదివిన పీటీఎస్‌డీ అనే రోగం పేరు మానసిక వైద్యుల జాబితాలోకి ఎక్కింది 1980లో.

అనుభవాన్ని పుస్తకంగా తేవడానికి ఆమెకు 1933 దాకా పట్టింది. 'టెస్టమెంట్ ఆఫ్ యూత్' అనే ఆ పుస్తకాన్ని మీ లైబ్రరీలో లేకపోతే తెప్పించమని ప్రిన్సిపాల్ గారిని ఈ వేదిక మీదే అడుగుతున్నాను, కాదనలేరు కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నగరాల మీద తన దేశమే బాంబులు కురిపిస్తుంటే, అది తప్పని 1944లో రాసి నానా తిట్లూ తిన్నది. 1949లో శాంతివాదుల సమావేశానికి మన దేశానికి వచ్చింది, శాంతినికేతన్‌కు, సేవాగ్రామ్‌కు. 1970లో చనిపోయాక, ఆమె కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఇటలీలో తమ్ముడి సమాధి మీద చల్లారు. తమ్ముడు పోయి యాభై రెండేళ్ళు గడిచినా ఆమెకు ఆ లెక్క తేలలేదన్నమాట.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోకండి. మన పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మగవాళ్ళను పంపిన ఊరు. అక్కడి సైనికుల గురించి పత్రికల్లో చాలాసార్లు చదివాను. వాళ్ళ తల్లులు, భార్యలు రాసిన పుస్తకం మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు. వాళ్ళకు చెప్పుకోవడానికేమీ లేక కాదు, ఎవరూ అడగలేదు కనుక.

మీరు అడగగలరు. సర్జన్ రౌండ్స్‌కు వచ్చి అయిదు నిమిషాలుంటాడు. నైట్ డ్యూటీలో రాత్రంతా ఉండేది మీరే. రేపు ఏ రిటైరైన జవానో నిద్ర పట్టడం లేదని ఓపీకి వస్తే, బీపీ చూసి మాత్రలతో పంపేయకండి. ఎక్కడెక్కడ పనిచేశారో అడగండి. పక్కన నిలబడ్డ భార్యను, ‘అమ్మా, మీకు నిద్ర పడుతోందా?’ అని అడగండి. ఆమె చెప్పింది కేస్‌షీట్‌లో రాయండి. ఖాళీ లేకపోతే ఇంకో కాగితం జోడించండి.