మిలట్రీ నుంచి తిరిగొచ్చే పిల్లాడికి చట్టం ఏమిస్తుంది?

(బొల్లాపల్లిలో జరిగిన రైతు సంఘం సమావేశంలో సంఘానికి న్యాయ సలహాలిచ్చే వకీలు చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగులో మిలట్రీ సంగతేమిటని కొందరికి అనిపించొచ్చు. ఇందాక బయట టీ తాగుతుంటే నా దగ్గరకొచ్చిన వాళ్లు మిరప రేటు అడగలేదు. "మావాడికి నాలుగేళ్లు నిండుతున్నాయి సార్, పింఛను వస్తుందా?" అని అడిగారు. వానను నమ్ముకున్న మెట్ట మనది. వరికపూడిశెల నీళ్లు వస్తాయని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఉన్న రెండెకరాలు ఇద్దరు కొడుకులకు చాలక, తండాల్లోంచీ పల్లెల్లోంచీ పిల్లలు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసి సైన్యంలో చేరుతున్నారు. అందుకే ఇది మన సమస్యే.

పింఛను రాదు. ముందే చెప్పేస్తున్నా. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పులు జరిగి వరంగల్ వైపు కుర్రాడు రాకేశ్ చనిపోయాడు. పథకం చెల్లుతుందని ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ దాన్ని కదిలించలేదు. కాబట్టి అగ్నివీర్‌గా చేరినవాడిది నాలుగేళ్ల కొలువే. బయటికొచ్చాక పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. వందలో పాతిక మందికి మించకుండా ఉంచుకుంటారు. ఆ పాతికలో చోటు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, నా హక్కు అని అడగడానికి లేదు. 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి బ్యాచ్‌కు గడువు తీరేది 2026 చివర, 2027 మొదట్లో.

చేతికొచ్చేది సేవా నిధి. నెల జీతంలో ముప్పై శాతం కోసి, అంతే సొమ్ము ప్రభుత్వం కలుపుతుంది. నాలుగేళ్లకు పిల్లాడిది 5.02 లక్షలు, ప్రభుత్వానిది అంతే, వడ్డీతో సుమారు 11.71 లక్షలు. దానికి ఆదాయపు పన్ను లేదు. అయితే ఇంట్లో కష్టమనో, అక్కడ పడలేకో మధ్యలో తనంతట తాను వచ్చేస్తే ప్రభుత్వ వాటా రాదు, తన వాటా, దాని వడ్డీ మాత్రమే వస్తాయి. అలా రావడానికి కూడా పైఅధికారుల అనుమతి కావాలి, అదీ అసాధారణ పరిస్థితుల్లోనే ఇస్తారు. ఈ సొమ్ము వస్తుందని లెక్కేసుకుని ఇప్పుడే ఎరువుల కొట్లో, వడ్డీ వ్యాపారి దగ్గర ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టకండి. ఎన్ని చూశానో ఆ నోట్లు!

తండ్రి పంట అప్పుకు కొడుకు జీతం పట్టుకుంటారా అని ఒకాయన అడిగారు. పట్టుకోలేరు. కొడుకు జామీను సంతకం పెట్టకపోతే ఆ అప్పుతో అతనికి సంబంధమే లేదు. కొడుకు సొంత అప్పు మీద డిక్రీ ఉన్నా సరే, 1950 సైన్య చట్టం 28వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు గానీ రెవెన్యూ అధికారి గానీ జవాను జీతాన్ని జప్తు చేయకూడదు. భార్యాబిడ్డల పోషణకు మాత్రం సైన్యమే జీతంలో కోత పెట్టొచ్చు, అది న్యాయమే. పొలం గట్టు తగాదా వినుకొండ కోర్టులో నడుస్తుంటే 32వ సెక్షన్ పనికొస్తుంది. ఆ కేసు కోసమే సెలవు ఇచ్చామని యూనిట్ నుంచి సర్టిఫికెట్ తెస్తే, వీలైనంత వరకు ఆ సెలవులోనే కేసు విని తేల్చాలి. ఈ సెక్షన్ సంగతి చాలామంది వకీళ్లు కూడా మర్చిపోయారు.

సెలవంటే గుర్తొచ్చింది. మిరప కోతకు కూలీలు దొరకడం లేదని పిల్లాణ్ణి నాలుగు రోజులు ఆగమనకండి. సెలవు దాటితే 39వ సెక్షన్ కింద నేరం. ముప్పై రోజులు దాటితే విచారణ పెట్టి రికార్డుకెక్కిస్తారు. ఆ తర్వాత పారిపోయినవాడి కింద లెక్కగట్టి పోలీసులు ఇంటికొస్తారు.

పాత పద్ధతిలో చేరిన జవాన్ల సంగతి వేరు. వాళ్లకు పదిహేనేళ్ల సర్వీసుంటే పింఛను ఉంటుంది. నాలుగు ఎర్ర సిరా ఎంట్రీలు పడ్డాయని చెప్పి అంతకుముందే ఇంటికి పంపించేసిన కేసులు ఉన్నాయి. ఎంట్రీల లెక్క ఒక్కటే చూసి, ముందు విచారణ జరపకుండా పంపడం చెల్లదని 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జబ్బు పేరుతో డిశ్చార్జి చేస్తే 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు చూపించండి. చేరేటప్పుడు వైద్య పరీక్షలో రాయని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలని, కాదని నిరూపించే భారం సైన్యానిదేనని ఆ తీర్పు. ముందు అధికారులకు ఫిర్యాదు పెట్టాలి. దాని మీద తుది ఉత్తర్వు వచ్చాక ఆరు నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మన ఆంధ్రకు చెన్నై బెంచి. ఫిర్యాదు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోయినా వెళ్లొచ్చు. చాలామంది ఓడిపోయేది కేసు బలహీనమై కాదు, గడువు దాటిపోయి.

ఇక చెప్పడానికి నోరు రాని సంగతి. సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్, అగ్నివీర్, 2025 మే నెలలో సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. మన తండాల్లాంటి తండాయే అది. అలా పోరులో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన నెలల జీతం, సేవా నిధి ఇస్తారు. కుటుంబ పింఛను మాత్రం ఇవ్వరు. ఆ పక్కనే, అదే తూటాకు పాత పద్ధతి జవాను చనిపోతే అతని ఇంటికి పింఛను వస్తుంది. ఈ తేడా ఎందుకని ఆ తల్లి బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ఆ అమ్మ అడిగిన ప్రశ్నే మన సంఘం కూడా అడుగుతోంది.

చివరిగా, ఇంకా చేరబోతున్న పిల్లల గురించి. మన పల్నాడులో ఊరి గొడవ జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో అక్కడ లేని కుర్రాడి పేరు కూడా ఎక్కిస్తారు. అది మీకు తెలియనిది కాదు. కేసు ఉందని చెబితే ఉద్యోగం పోతుందన్న భయంతో ఫారంలో "లేదు" అని రాస్తారు. అది 44వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల వరకు జైలు. ఉన్నది ఉన్నట్టు రాయండి, కొట్టేసిన కేసైతే తీర్పు నకలు జతచేయండి. రాజీకి ఒప్పుకునే పెద్దలుంటే, పిల్లాడు పరుగు పందెం ప్రాక్టీసు మొదలుపెట్టకముందే ఆ కేసు తేల్చుకోండి.

డిశ్చార్జి బుక్, పాత ఉత్తరాలు, చార్జిషీటు, ఏ కాగితం ఉన్నా పట్టుకురండి. భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను.