ఉస్తిపొదలోని యీగ, దాని శత్రువు



గట్లమీది ఉస్తిపొదను, కామంచి మొక్కను ఎరుగనివారు మీలో నుండరు. వంగ, మిరప వాని చుట్టములే. ఆ చుట్టరికమును చక్కగా నెరిగినది ఒక చిన్న కాయయీగ. మన ఆసియాదైన యీ యీగ 1983లో హవాయి దీవులలో కనబడినది. అది కాయతోలు క్రింద గ్రుడ్లు పెట్టును. పురుగులు గుజ్జు తిని, నేలలో దిగి గూడు కట్టును. తోట నెంత శుభ్రపరచినను, బీటి పొదలనుండి ఈగ మరల వచ్చును.

అట్లని పొదలన్నియు నరకుడని నేను చెప్పజాలను. ఈగతోపాటు దాని శత్రువును అచ్చటనే యుండవచ్చును. వేరొక పండ్లయీగకై 1940వ దశకాంతమున ఆ దీవులకు తెచ్చిన సన్నని కందిరీగ, కాయలోనికి సూదివంటి యంగమును గ్రుచ్చి, ఈగగ్రుడ్డులోనే తన గ్రుడ్డు నుంచును. పురుగు పెరుగును, గూడు కట్టును. వెలికి వచ్చునది మాత్రము కందిరీగ! ఉస్తిలోని యీగపై దాని దెబ్బ స్వల్పమే యనుటయు నిజము.

అందుచే నచ్చటివారు రాలిన కాయలను గుడారములో వేసి మూయుదురు. దాని వలకన్నములనుండి కందిరీగ పోగలదు, ఈగ పోలేదు.

మన వంకాయను తొలుచునది చాలవరకు రెక్కలపురుగు పిల్ల, దానికి కాళ్లుండును. కాయను కోసి చూడుడు. కాళ్లులేని తెల్లపురుగైనచో అది యీగపిల్ల.