పశువుల యెరువు – కూరగాయల పంట

(గ్రంథాలయ సభయందు చదువబడిన యుపన్యాసము)



పంటకును పెంటకును అక్షరభేద మంతగా లేదు. వంగతోటనుండి గంపెడు కాయలు సంతకు పోయినపుడు వానితోకూడ భూమిలోని సారమును కొంత ఊరు దాటిపోవును. అది భూమికి రైతు పడిన బాకీ. ఆ బాకీ తీర్చుటకు పశువుల కొట్టమే బొక్కసము.

ఈ సంగతి పూర్వు లెరుగనిది కాదు. ఎరువు లేని పైరు పెరుగునే గాని ఫలింపదని కృషిపరాశరమను సంస్కృత గ్రంథము చెప్పుచున్నది. మాఘమాసమున పెంటకుప్పను త్రవ్వి, యెండించి, పొడిచేసి, ఫాల్గుణమున పొలములోని గుంతలలో నుంచి, విత్తుకాలమున వేయవలెనని అందలి విధి. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహితలో మేకల, గొఱ్ఱెల పెంటపొడిని నువ్వులు మొదలగు వానితో నీట నానవేసి, ఏడు రాత్రులు గడచిన పిమ్మట చెట్లకు పోయు విధానము కలదు. ఈ రెండు విధులలోను గమనింపదగినది యొక్కటే: పెంటను తెచ్చినది తెచ్చినట్లు మొక్కకు వేయుమని చెప్పలేదు.

దానికి కారణము లున్నవి. పచ్చిపేడ మురుగునపుడు వేడి పుట్టును. అమోనియా వాయువు వెలువడును. లేత నారు వేళ్లు ఆ తాకిడికి మాడును. పచ్చిపెంటకు చెదలును, వేరుపురుగును చేరును. పశువు మేసిన గడ్డిగింజలు అరగక నిలిచి, తోటలో మొలచి, కలుపుకూలిని పెంచును. ముల్లంగిదుంప తిన్నగా దిగక చీలికలై పోవును. అన్నిటికన్న ముఖ్యమైనది ఆరోగ్యము. పేడలో రోగక్రిము లుండవచ్చును. కొత్తిమీర, ముల్లంగి వంటివానిని వండకయే తినుట కలదు గదా! అమెరికాదేశపు సేంద్రియ సేద్య నిబంధనల ప్రకారము, తిను భాగము నేలకు తగులు పంటలకు కోతకు 120 దినములు ముందుగను, తగులనివానికి 90 దినములు ముందుగను పచ్చియెరువును నేలలో కలిపివేయవలెను.

పెక్కు పల్లెలలో పెంటకుప్ప వీథిప్రక్కన ఎండకెండి, వానకు తడియుచుండును. ఎండ నత్రజనిని గాలిపాలు చేయును. వాన మిగిలిన సారమును చెరువుపాలు చేయును. పిడకలకు పోగా, వేసవిలో బండి కెత్తునది పిప్పి మాత్రమే. పేడలో కన్న పశువుల మూత్రమున నత్రజని పాలు హెచ్చు. దానిని కొట్టపు నేల త్రాగివేయును. ఏ లెక్కలోను వ్రాయబడని నష్ట మిది. ట్రాక్టర్లు వచ్చి యెడ్లు తగ్గిన యీ దినములలో ఒక్క తట్ట పేడయు వెలగలదే.

నివారణము కష్టమైనది కాదు. పశువుల క్రింద గడ్డితుక్కు పరచి, తడిసినదానిని ప్రతి యుదయమున పేడతో కలిపి గుంతలో వేయవలెను. వాననీరు చేరని మెరకచోట 20 అడుగుల నిడివి, 5 లేక 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గల గుంత తీయవలెను. రెండు పశువులే యున్న యింటికి ఇంకను చిన్నది చాలును. ఒక కొననుండి నింపుచు వచ్చి, నేలకు అడుగున్నర యెత్తు కాగానే గుమ్మటముగా చేసి, పేడ కలిపిన మట్టితో మెత్తవలెను. నాలుగైదు మాసములకు దుర్వాసన పోయి, చేత నలిపిన పొడియగు నల్లని యెరువు సిద్ధమగును.

ఇట్లు మాగిన యెరువు 100 కిలోలలో నత్రజని సుమారు అరకిలో మాత్రమే. కావున చారెడు చల్లి గంపెడు కాయలు కోరరాదు. కూరగాయలకు ఎకరమునకు 8 మొదలు 10 టన్నుల వరకు ఆఖరు దుక్కిలో కలిపి దున్నవలెను. కోళ్లపెంట ఇంతకన్న చాల ఘాటైనది. దానిని మాగిన పిమ్మటనే కొలదిగా వాడవలెను. సారము కొంచెమైనను, మాగిన యెరువు వలన ఇసుకనేల తేమను నిలుపుకొనును, రేగడినేల గుల్లబారును. ఈ గుణము రసాయనపు మూటలో లేదు.

గ్రంథము అలమరలో నున్నంతమాత్రమున విద్య రాదు. పెంట కుప్పగా నున్నంతమాత్రమున ఎరువు కాదు. రెంటికిని మనుష్యుని పూనిక కావలెను. రాబోవు తొలకరికి ముందే ప్రతి పెరటను ఒక యెరువుగుంత వెలయును గాక!