పాత కత్తి వయస్సు

మహర్నవమినాడు ఆయుధపూజకై అటకమీదినుండి పాత కత్తిని దింపు గృహములు మన ప్రాంతమున ఇప్పటికిని గలవు. ఆ కత్తిని చేతికిచ్చి, “ఇది ఎన్ని యేండ్లదండీ?” అని అడుగువారికి మేము వెంటనే బదులు చెప్పము. “దీనిని ఎవరైనను తోమినారా?” అని మొదట అడుగుదుము. ఏల అట్లు అడుగుదుమో చెప్పుటయే నేటి మా ప్రసంగము.

అలుగుమీది అక్షరములను చూచి కాలమును నిర్ణయించుట పలువురు చేయు పొరపాటు. ఇస్ఫహాను పట్టణపు అసదుల్లా అను పనివాని పేరు, 1588 నుండి 1629 వరకు ఏలిన షా అబ్బాసు కాలముతో ముడివడియున్నది. ఆ పేరు చెక్కిన అలుగులు పెక్కులు గలవు. వానిపై కనబడు సంవత్సరములన్నియు ఒక మనుష్యుని ఆయుర్దాయములో ఇముడవు. ఆ పేరు మేలిరకమునకు గుర్తు కాగా, తరువాతివారు దానిని చెక్కుచు వచ్చిరి. కావున పేరు ఒక సాక్షియే గాని, అడ్డుప్రశ్నలు వేయక నమ్మదగిన సాక్షి కాదు.

ఇక పిడి సంగతి. మన తల్వారు పిడిలో అలుగు తోకను లక్కతో బిగింతురు. వేడి తగిలినచో లక్క మెత్తబడి పిడి ఊడివచ్చును. అందుచే తాతనాటి అలుగునకు మనుమడు క్రొత్త పిడి వేయించుకొనుట కలదు. ఐరోపానుండి వచ్చిన అలుగులకు ఈ దేశపు పిడులు తొడిగి ‘ఫిరంగీ’ కత్తులనిరి. ఇవి నకిలీలు కావు. రెండు కాలముల పనితనము ఒకచోట చేరినవి.

మోసము త్రుప్పులో తెలియును. ద్రావకములో ముంచిన క్రొత్త ఇనుమునకు త్రుప్పు తరచుగా అంతటను ఒకే తీరున పట్టును. ఏండ్ల త్రుప్పు ఒకచోట పలుచగను, పిడి సందులలో దట్టముగను ఉండును. చెక్కిన గీత త్రుప్పు గుంటలను కోసికొని పోయినచో, గీత తరువాతిదని గ్రహింపవలెను.

చివరిది ఉక్కులోని తరగలు. వీనినే ‘జౌహరు’ అందురు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ పనిని చూచిన ఆంగ్ల భూశాస్త్రజ్ఞుడు వాయిసీ వ్రాసిన వ్యాసము 1832లో, ఆతని మరణానంతరము, అచ్చయినది. అట్టి ఉక్కులో నూటికి ఇంచుమించు ఒకటిన్నర వంతు కర్బనముండును. అది మెల్లగా చల్లారి సమ్మెట దెబ్బలు తినునప్పుడు లోపలి కఠిన కణములు వరుసలు కట్టి తరగలగును. పైపైన ద్రావకముతో వ్రాసిన తరగలు రుద్దగనే పోవును, మరల రావు. నిజమైనవి మెరుగుపెట్టినప్పుడు కనుమరుగైనను, నేర్పరి తగిన ద్రావకము పూయగా మరల తేలును. ఇది ఇంట చేయదగిన పరీక్ష కాదు.

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు వత్తము. చింతపండు, ఇటుకపొడి, గరుకు కాగితము—వీనితో తోమినచో త్రుప్పు గుంటలును, గీతల అంచులును, లక్క జాడలును పోవును. ఆపైన ఎంతటి నేర్పరికిని చెప్పుటకేమియు మిగులదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధములను చూచి, మీ కత్తితో పోల్చుకొనుడు. పూజయైన పిదప పసుపు కుంకుమల తడిని పొడిగుడ్డతో ఒత్తి, పలుచగా నూనె రాచి దాచుడు. అంతకుమించి ఏమియు చేయవలదు.