గల్లగురిగిలోని ధనము

ఓం నమశ్శివాయ.

 

వేములవాడ రాజన్న సన్నిధికి వచ్చువారిలో వట్టిచేతులతో వచ్చువారు అరుదు. పసుపు గుడ్డలో కట్టిన పదకొండు రూపాయల ముడుపు కావచ్చును, కోడె మొక్కు కావచ్చును, నిలువెత్తు బెల్లము కావచ్చును. ఏదో యొకటి మనసున అనుకొని, దాచి, స్వామికి తెచ్చి అర్పించుట మన ప్రాంతపు ఆచారము. నేడు ఈ దాచుటను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచినాము. దాచినది ఎవరిది? ఎంతకాలము దాచవలెను? దేనికై తీయవలెను? ఈ మూడు ప్రశ్నలకును మాకు సమాధానము చెప్పినది ఒక మట్టి గురిగి.

ధనమునకు మూడే గతులని భర్తృహరి నీతిశతకమున చెప్పినాడు. ఒకటి దానము, రెండవది భోగము, మూడవది నాశము. ఇతరులకు ఈయక, తాను అనుభవింపక ఉంచిన ధనమునకు మూడవ గతియే మిగులునని ఆ మహానుభావుని భావము. ఇది చదువుకొన్న వారందరు ఎరిగినదే. కాని ఎరుగుట వేరు, అనుభవమునకు వచ్చుట వేరు.

మా బాల్యమున, 1970 ప్రాంతమున, మా బాపమ్మ శివరాత్రి జాతరలో మూడు గల్లగురుగులు కొన్నది. మాకొకటి, మా తమ్మునికొకటి, మా చెల్లెలికొకటి. ఆమె పెట్టిన నియమములు రెండే. మొదట వేసిన పైసలు రాజన్నవి. మిగిలినవి అందరివి. గురిగి నిండిన నాడు ముగ్గురును కలసి వేములవాడకు పోయి, ధర్మగుండములో స్నానము చేసి, స్వామిని దర్శించి, ఆ పైసలతో ఇంటిల్లిపాదికి ఏదైన తినుటకు కొనిపెట్టవలెను.

మా గురిగి ఆరు నెలలైన నిలువలేదు. మా తమ్మునిది మరుసటి ఏడు పగిలినది. మా చెల్లెలు మాత్రము పట్టుదల గలది. పండుగ పైసలు, చుట్టములు చేతిలో పెట్టిన పైసలు, పత్తి ఏరిన కూలి పైసలు, అన్నియు అందులోనే వేసెడిది.

ఇచట మా తప్పు ఒకటి చెప్పవలసి యున్నది. చెప్పనిచో ఈ ప్రసంగమునకు అర్థము లేదు. మాకు పది పదకొండేండ్లున్నప్పుడు ఒకనాటి మధ్యాహ్నము ఆ గురిగిని తలక్రిందులు చేసి, చీపురుపుల్లతో కదిపి, తామరపువ్వు గుర్తు గల ఇరువది పైసల ఇత్తడి బిళ్లలు నాలుగు బయటికి తీసినాము. ఎఱ్ఱరంగు పుల్ల ఐసులు కొని, ఒకటి తమ్మునికి ఇచ్చినాము. మేము తిని నోరు కడుగుకొన్నాము. వాడు కడుగుకొనలేదు. సాయంకాలము చెల్లెలు గురిగిని ఊపి చూచి ఏడ్చినది. బాపు తమ్ముని ఎఱ్ఱని నాలుక చూచినాడు. వాడు “అన్న ఇచ్చిండు” అన్నాడు. మేము “నేనియ్యలే” అన్నాము. చింతబరిక దెబ్బలు వానికి తగిలినవి.

కాలము గడచినది. 1984లో చెల్లెలి వివాహమైనది. మగ్గము పని చేసికొను మన సిరిసిల్ల ప్రాంతపు కుటుంబములు అనేకము భివండికి వలస పోయినవి గదా, ఆమెయు భర్తతో అచటికే పోయినది. తమ్ముడు గల్ఫు దేశమునకు పోయినాడు. మేము ఊరిలోనే ఉంటిమి. బాపమ్మ పోయినది, తరువాత బాపు పోయినాడు. ఇంటి పంపకములలో మాకును తమ్మునికిని మాట పట్టింపు వచ్చి, ఏండ్ల తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పెద్దమనుషుల ఎదుట వాడన్న మాట ఒక్కటే: “నువ్వు చెప్పిన లెక్క నేను నమ్మ.” ఆ మాట ఎచటినుండి వచ్చినదో పెద్దమనుషులకు తెలియదు. మాకు తెలియును.

2013లో పాత పెంకుటిల్లు విప్పించునపుడు అటుక మీద, పగిలిన కుండల వెనుక, ఆ గురిగి దొరకినది. ముగ్గురము కూడిననాడే పగులగొట్టవలెనని చెల్లెలు దాచి, సంసారములో పడి మరచిపోయినది. కబురంపగా భివండి నుండి వచ్చినది. తమ్ముడును అప్పుడు సెలవుపై ఊరికి వచ్చియున్నాడు. చెల్లెలు పిలిచినందున కాదనలేక వచ్చినాడు.

మా అమ్మ ఎదుట గురిగి పగులగొట్టినాము. రూపాయి నోట్లు రెండు చెమ్మకు ముద్దయై, వ్రేలు తగులగనే పొడియైనవి. అయిదు పైసలు, పది పైసలు, ఇరువది పైసలు, పావలాలు గుప్పెళ్ల కొలది ఉన్నవి. కాని పావలాయు, అంతకు తక్కువ విలువ గల నాణెములును 2011 జూన్ 30వ తేదీనుండి చెలామణిలో లేవు. చెల్లునవి అర్ధరూపాయలు, రూపాయలు మాత్రమే. లెక్కింపగా 96 రూపాయల 50 పైసలు.

అప్పుడు మేమొక సలహా చెప్పితిమి. పెద్దవారము గనుక తెలివి ఉన్నదనుకొన్నాము. “చెల్లని చిల్లర హుండీలో వేసి, చెల్లునవి మన ఖర్చునకు ఉంచుకొందము” అని. మా అమ్మ మా వైపు చూచి, “దేవునికి చెల్లనియి, మనకు చెల్లెటియా? అట్లయితే మన మొక్కు గూడ చెల్లది బిడ్డా” అన్నది. మేము తల వంచుకొన్నాము. చెల్లునవి పదకొండు రూపాయలు తీసి పసుపు గుడ్డలో ముడుపు కట్టినది. చెల్లని బిళ్లలు ఇంటి పిల్లలకు తలా రెండు ఇచ్చినది.

మిగిలిన 85 రూపాయల 50 పైసలకు ఇంటిల్లిపాదికి, పదునొకండుగురికి, ఏమి వచ్చును? మేము మరికొంత కలిపి మంచి హోటలులో భోజనము పెట్టింతుమంటిమి. చెల్లెలు ఒప్పుకొనలేదు. “ఇండ్ల మీ పైసలు కలుపకుండ్రి అన్నా. కలిపితే ఇది నేను పెట్టినట్టు కాదు” అన్నది.

కార్తీక సోమవారము నాడు వేములవాడకు పోయినాము. ధర్మగుండములో స్నానము, స్వామి దర్శనము అయినవి. ముడుపు హుండీలో పడినది. తరువాత చెల్లెలు అంగడికి పోయినది. అర్ధరూపాయి బిళ్లలు చూచి ఇద్దరు అంగడివారు తీసికొనమన్నారు. మూడవచోట ఒక ముసలమ్మ, “సర్కారు పైసలేనాయె” అని ఓపికగా లెక్కపెట్టుకొన్నది. కిలో అటుకులు, అరకిలో బెల్లము, పావుకిలో పుట్నాలు వచ్చినవి. గుడి వెలుపల చెట్టు నీడన చాప పరచి, బెల్లము దంచి, అటుకులు కలిపి, ఆకుల్లో అందరికి పెట్టినది.

ఆ అటుకులు మా చేతిలోనే నిలిచిపోయినవి, నోటికి రాలేదు. ఆ నాలుగు బిళ్లల సంగతి అమ్మ ఎదుట, తమ్ముని ఎదుట, పిల్లలందరి ఎదుట చెప్పితిమి. చెల్లెలి బాకీ ఎనుబది పైసలు. తీర్చుదమన్న, ఆ నాణెమే దేశములో చెల్లదు. తమ్ముడు చాలసేపు ఊరకుండి, “ఇది బాపు ఉన్నప్పుడు చెప్పవలసిన మాట” అన్నాడు. దానికి మావద్ద సమాధానము లేదు. నేటికిని లేదు. వాడు లేచిపోవునని భయపడితిమి. పోలేదు. ఆకులోని అటుకులు తిన్నాడు. మరికొన్ని అడిగి పెట్టించుకొన్నాడు. పంపకముల లెక్క ఆనాడు తేలలేదు. మరుసటి యుగాదికి తేలినది. తేల్చుటకు పెద్దమనుషులు అవసరము కాలేదు.

భక్తులారా! ఇందలి తత్త్వమును కొంచెము విచారింపుడు.

ఆ గురిగిలోని ధనమునకు మూడు గతులును ఒక్క దినమే కనబడినవి. ముడుపు దానమైనది. అటుకులు భోగమైనవి. పొడియైన నోట్లు, చెల్లని చిల్లర నాశమైనవి. బాపమ్మయు బాపుయు బ్రతికియుండగా పగులగొట్టి యున్నచో, వారి చేతులలోకూడ ఇంత ప్రసాదము పడెడిది. పొదుపు మంచిదే. కాని దేనికై దాచితిమో ఆ పనికి, ఎవరికై దాచితిమో వారు ఉండగనే, తీయుటకూడ ధర్మమే.

ఈ వేములవాడ ఒకప్పుడు చాళుక్యరాజుల రాజధాని. శాసనములలో దీనికి లేంబులవాటకమని పేరు. ఇచటి రెండవ అరికేసరి కొలువులో పంపమహాకవి 941లో కన్నడమున విక్రమార్జున విజయమును రచించినాడు. రాజు ఆ కవికి అగ్రహారమిచ్చినాడు. వేయేండ్ల పిదప ఆ రాజు దాచిన భండారము ఏమైనదో చెప్పువారు లేరు. ఇచ్చిన అగ్రహారమును మాత్రము నేటికిని తలచుకొనుచున్నారు. రాజుకైనను, పత్తి ఏరిన బాలికకైనను, నిలిచినది ఇచ్చినదే.

ఇక విందు పెద్దదియా చిన్నదియా అను ప్రశ్న. కుచేలుడు చినిగిన కొంగున ముడిచి తెచ్చినవి అటుకులే గదా! ద్వారకలో భక్ష్యములకు కొదువయా? తెచ్చినవాని ప్రేమ అందు కలసియున్నది గనుకనే కృష్ణుడు అడిగి తీసికొని తిన్నాడు. మేము మా డబ్బు కలిపి యున్నచో విందు పెరిగెడిది. చెల్లెలి పదునాలుగేండ్ల ప్రేమ అందులో కానరాకుండ పోయెడిది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నాణెమునకు గడువు ఉన్నట్లే మాటకును గడువున్నది. తప్పు ఒప్పుకొను మాట, క్షమించితినను మాట, నీయందు నాకు ప్రేమ ఉన్నదను మాట, ఇవి లోపల దాచుకొనదగిన ధనము కావు. మేము తమ్మునివద్ద చెల్లించిన మాట, ఆలస్యమైనను, చెల్లినది. బాపువద్ద చెల్లింపవలసినది చెల్లకయే పోయినది. ఆ చిల్లర మావద్దనే ఉన్నది, ఎచటను మారదు.

కావున నేడు ఇండ్లకు పోయినపిదప మీ మీ అటుకలు ఒకసారి వెదకుడు. అచట గురిగి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మనసు అటుకమీద మాత్రము ప్రతివారికి ఏదో యొకటి ఉండకపోదు. చెల్లుబాటు ఉండగనే దానిని దించి, మొదటి పాలు రాజన్నకు, మిగిలినది అందరికి పంచుడు.

శ్రీ రాజరాజేశ్వరస్వామి మీ అందరిని చల్లగా చూచుగాక!

శుభమ్.