లెక్క తెలిసిన వాడకే హక్కు
(మైదుకూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన రత్నా నాయుడు గారు 1980లో వెలువడిన గ్రంథంలో భారత్, మలేషియాల మత వైషమ్యాలను పరిశీలించారు. 1990 నాటి గ్రంథంలో హైదరాబాదు పాతబస్తీ దుస్థితిని చర్చించారు. ఒక వాడ పేదరికానికి కారణాన్ని అక్కడి ప్రజల మతంలో గాక, నగరం ఎదిగిన తీరులో వెదకవలెనని ఇట్టి అధ్యయనాలు మనకు నేర్పుతాయి.

అయితే అధ్యయనం ఒక్కటే చాలదు. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ ఆరంభించిన పట్టణ సమాజాభివృద్ధి పథకం బస్తీవాసులను సంఘటితపరచి, తమ అవసరాలను తామే చెప్పుకొనేలా చేసింది.

మన మైదుకూరు కూడా నేడు పురపాలక సంఘమే. మన వాడల్లో కుళాయి లేని ఇళ్లు ఎన్ని? బడి మానిన ఆడపిల్లలు ఎందరు? ఆ లెక్క మన చేతిలో లేదు. నోటిమాటగా చెప్పిన బాధ కార్యాలయంలో గాలికి పోతుంది. ఇంటి నెంబర్లతో, సంతకాలతో ఇచ్చిన అర్జీకి దస్త్రంలో చోటు దక్కుతుంది. గుమాస్తా కొలువులో దస్త్రాలు మోసిన మేము అనుభవంతో చెబుతున్న మాట ఇది.

మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, చదువుకొన్న యువతీయువకులు కలిసి ఇంటింటికీ వెళ్లవలెను. ముందు లెక్కించుదాం, పిదప గట్టిగా అడుగుదాం.