సైకిలు వెనుక స్ప్రింగు – జమాఖర్చుల లెక్క

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు పెద్దలు "పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. ముప్పై అయిదేళ్ళు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాడు ఇంకేం చెబుతాడని వారి ఉద్దేశం. పొదుపు గురించి మీకు ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను సైకిలు వెనుక చక్రానికి ఉండే స్ప్రింగు గురించి చెబుతాను. నేను బి.కాం. వాణ్ణి. తప్పులేమైనా దొర్లితే ఇక్కడున్న సైన్సు మాస్టార్లు సభ అయ్యాక నన్ను పట్టుకోండి, సభలో మాత్రం వద్దు.

ఈ విషయమే ఎందుకంటే, పోయినసారి ఇదే సభలో ఒక తండ్రి నా పక్కన కూర్చుని, "అబ్బాయికి వచ్చిన డబ్బుతో డబుల్ షాకప్ సైకిలు కొనిస్తాను సార్, వాడు ఒకటే పోరు" అన్నాడు. నేను అప్పుడు నోరు మెదపలేదు. కారణం, మా ఇంట్లో అప్పటికే అలాంటి సైకిలు ఒకటి గోడకు ఆనించి ఉంది. మా మనవడి కుడి మణికట్టుకు కట్టు కూడా ఉంది.

ఆ సైకిలు కొన్నది నేనే. తొమ్మిదివేల అయిదు వందలు. ముందు రెండు స్ప్రింగులు, వెనుక సీటు కింద ఎర్ర రంగు వేసిన లావుపాటి స్ప్రింగు ఒకటి. చూస్తే మోటారు సైకిలుకు తమ్ముడిలా ఉంది. అంగడివాడు సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూపించాడు. అది వెంటనే టక్కున లేచింది. "చూశారా సార్, ఎంత షార్పుగా ఉందో" అన్నాడు. నాకూ షార్పుగానే కనిపించింది. అలా టక్కున లేవడమే దాని రోగమని నాకు అప్పుడు తెలియదు.

రెండు వారాల తర్వాత వాడు చెరువు దిక్కు నుంచి దిగుతూ, ఒక హంపు మీద వేగం తగ్గించకుండా పోనిచ్చాడు. చక్రం హంపు ఎక్కినప్పుడు స్ప్రింగు అణిగింది. దిగేటప్పుడు అణిగినదంతా ఒక్కసారిగా విప్పుకుని సీటును పైకి తన్నింది. వాడు హ్యాండిలు మీదుగా ముందుకు పడ్డాడు. తొమ్మిదో తరగతి అర్ధవార్షిక పరీక్షలు పోయాయి. వాడికి నొప్పి కంటే అదే బాధ. "తాతా, బ్రేకు బాగానే ఉంది, నేను గట్టిగానే పట్టుకున్నాను, సైకిలే నన్ను ఎత్తేసింది" అని చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

కట్టు విప్పాక వాణ్ణీ సైకిలునూ వెంటబెట్టుకుని మాకు తెలిసిన సైకిలు షాపుకు పోయాను. ఆ మెకానిక్కు స్ప్రింగును విప్పి బల్ల మీద పెట్టాడు. బయట చుట్టలు చుట్టిన ఉక్కు తీగ, లోపల ఒక కడ్డీ, ఒక గొట్టం, ఇంకేమీ లేదు. "ఇందులో ఆయిలు ఉండాలి కదయ్యా?" అన్నాను. అతను నవ్వి "ఆయిలు ఉండేది దీని ధరకు రాదు సార్" అన్నాడు. వాడు చెప్పిందే నిజమని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఇంటికి వచ్చి అందరి ముందూ వాడికి ఆ మాట చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్ప్రింగు అనేది సేవింగ్స్ ఖాతా లాంటిది. మీరు నొక్కిన శక్తి అందులో జమ అవుతుంది. వదిలితే దాదాపు అంతా తిరిగి వచ్చేస్తుంది. ఎంత నొక్కితే అంత అణుగుతుంది, రెట్టింపు బరువు పెడితే రెట్టింపు అణుగుతుంది అనే సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1676లో, ఆ సూత్రాన్ని లాటిన్ వాక్యంగా రాసి, అందులోని 14 అక్షరాలనూ వర్ణక్రమంలో కలిపేసి అచ్చు వేశాడు. కనిపెట్టింది తానే అని హక్కు నిలవాలి, మర్మం మాత్రం ఎవరికీ తెలియకూడదు. డిపాజిట్ రసీదు రాసి లాకరులో దాచినట్టు!

గతుకుల దారిలో ఖాతాలో జమ ఒక్కటే ఉంటే చాలదు, ఖర్చు కూడా ఉండాలి. గుంత నుంచి వచ్చిన దెబ్బను స్ప్రింగు దాచుకుంటుంది, కానీ పోగొట్టదు. మళ్ళీ మీకే ఇచ్చేస్తుంది. దాన్ని పోగొట్టేది డాంపరు. ఆయిలు నిండిన గొట్టంలో ఒక పిస్టను, ఆ పిస్టనుకు సన్నని రంధ్రాలు, వాటిని మూస్తూ పల్చని ఉక్కు వాషర్లు. పిస్టను కదిలితే ఆయిలు ఆ సందుల్లోంచి దూరి పోవాలి. మెల్లగా కదిపితే సులభంగా పోతుంది, వేగంగా కదిపితే ఎదురు తిరుగుతుంది. ఇంజక్షను సిరంజిలో నీళ్ళు నింపి నొక్కి చూడండి, తెలుస్తుంది. ఆ రాపిడిలో శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. పెద్ద దిగుడు దిగాక మంచి షాక్ అబ్జార్బరును ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే ఖర్చు పద్దు. మా మనవడి సైకిలులో ఈ ఖర్చు పద్దు లేదు. జమ అయినదంతా వడ్డీ లేకుండా వాడి నెత్తినే వేసింది.

మన పాత బస్సులకు కమాను పట్టీలు ఉండేవి, లారీలకు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ పట్టీలు వంగినప్పుడు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడి కొంత డాంపరు పని చేస్తుంది. జట్కాబండి కూడా అంతే. ఎద్దులబండికి అదీ లేదు, మన నడుములే స్ప్రింగులు. మోటారు సైకిళ్ళలో ముందడుగు వేసిన వాటిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఒకటి. 1940ల చివర్లో ఇంగ్లండులో దానికి వెనుక చక్రం పైకీ కిందికీ ఊగే చేతిలాంటి ఫ్రేమును, ఆయిలు డాంపర్లను పెట్టారు. తర్వాత అది మద్రాసులోనే తయారైంది. ఇప్పటి కొండ సైకిలు వెనుక భాగం కూడా ఆ ఊగే చేతి వంశమే.

కొండ సైకిలు అనేది 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో పుట్టింది. కుర్రవాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళను కొండ మీద నుంచి మట్టిదారిలో దించేవారు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఒక్క దిగుడుకే వెనుక బ్రేకు హబ్బులోని గ్రీజు కాలిపోయి, మళ్ళీ గ్రీజు పట్టించవలసి వచ్చేదట. అప్పుడు స్ప్రింగులు లేవు. 1989లో పాల్ టర్నర్ అనే ఆయన మరొకరితో కలిసి రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి ముందు చక్రానికి షాక్ ఫోర్కు తెచ్చాడు. వెనుక చక్రానికి మంచి ఏర్పాటు రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఎందుకంటే వెనుక చక్రానికి చైను ఉంది, చిక్కంతా అక్కడే.

తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పాలి. ఒకే షాక్‌తో వెనుక చక్రాన్ని నిలిపే మోనోషాక్ మోటారు సైకిళ్ళలో పేరు తెచ్చుకున్నది బెల్జియం ఇంజినీరు లూసియన్ టిల్కెన్స్ వల్ల. ఆయన కొడుకు మట్టిదారి పందేల్లో పాల్గొనేవాడు. కొడుకు బండి కోసం తండ్రి తయారుచేసిన దాన్ని యమహా కంపెనీ తీసుకుంది. 1973లో ఆ బండితోనే హాకన్ ఆండర్సన్ 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. నేను మా మనవడికి చేసింది దీనికి సరిగ్గా తిరగేసిన పని.

ఆదివారం పొద్దున్నే బెంగళూరు నుంచి పేరేసంద్ర మీదుగా మన కోట కొండ దిక్కుకు సైకిళ్ళలో వచ్చేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒకసారి టీ అంగడి దగ్గర అలాంటి యువకుణ్ణి ఆపి, అతని సైకిలు వెనుక షాక్‌ను చూపించమన్నాను. సంతోషంగా చూపించాడు. అందులో ఉక్కు తీగ లేదు, గాలే స్ప్రింగు. చిన్న చేతి పంపుతో 150 నుంచి 250 పిఎస్ఐ దాకా కొడతారట. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. గాలిని సగం జాగాలోకి నొక్కితే, వేడి మారకపోతే, ఒత్తిడి రెట్టింపవుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పాడు. ఆయన 1660లో వేసిన పుస్తకం పేరులోనే గాలి స్ప్రింగు అన్న మాట ఉంది. ఆ ప్రయోగాల కోసం గాలి పంపు తయారుచేసి ఇచ్చిన కుర్రవాడు ఎవరనుకుంటున్నారు? ఇందాక చెప్పిన హుక్ దొరే.

ఆ యువకుడు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టాడు. షాక్ కడ్డీ మీద ఒక రబ్బరు రింగు ఉంది. అది ఎంత జరిగిందో స్కేలుతో కొలిచాడు. మనిషి ఊరికే కూర్చుంటేనే షాక్ తాను అణగగల దూరంలో 25 నుంచి 30 శాతం అణగాలట. నాకు వింతగా అనిపించింది. ముందే అణిగిపోతే ఇంకేం మిగులుతుంది? అతను చెప్పాడు: చక్రం గట్టు ఎక్కేటప్పుడు పైకి పోవడం ఒక్కటే కాదు, గుంత వచ్చినప్పుడు కిందికి దిగి నేలను వదలకుండా ఉండాలి. నేలను వదిలిన చక్రానికి బ్రేకూ పట్టదు, మలుపూ తిరగదు. ఆ ముప్పై శాతం అంటే చేతిలో ఉంచుకునే నగదు అన్నమాట.

ఇప్పుడొక లెక్క. కాగితాలు తియ్యండి. వెనుక చక్రం 150 మిల్లీమీటర్లు పైకి పోతే షాక్ 60 మిల్లీమీటర్లే అణుగుతుంది. అంటే నిష్పత్తి 2.5. దూరం తగ్గిన మేరకు బరువు పెరుగుతుంది, సన్నపు తూకం కాదు. 70 కిలోల మనిషి బరువులో 60 శాతం, అంటే 42 కిలోలు, వెనుక చక్రం మీద పడితే షాక్ మీద 105 కిలోలు పడుతుంది. 60లో 30 శాతం 18 మిల్లీమీటర్లు. 105ను 18తో భాగిస్తే మిల్లీమీటరుకు దాదాపు 5.8 కిలోల స్ప్రింగు కావాలి.

మా మనవడు అప్పుడు 42 కిలోలు. అదే లెక్కన వాడికి మిల్లీమీటరుకు 3.5 కిలోలు చాలు. వాడి సైకిలు స్ప్రింగు మీద 750 అని అచ్చు ఉంది. అంటే అంగుళం అణగాలంటే 750 పౌండ్లు, మిల్లీమీటరుకు 13 కిలోల పైమాట. ఆ సైకిలు నిష్పత్తి కొంచెం వేరైనా వాడి బరువుకు అది ఎంతో గట్టిది. మామూలు దారిలో ఇనుప కడ్డీలా కదలకుండా ఉండి, పెద్ద దెబ్బకు మాత్రమే అణిగి, అణిగినదాన్ని ఎదురు తన్నేది. సైకిలును పట్టుగూళ్ళ తక్కెడలో పెట్టి తూచాం కూడా. 19 కిలోలు.

చైను సంగతి మిగిలింది. ఎక్కుడులో బలంగా తొక్కితే బరువు వెనక్కి జరిగి ప్రతి తొక్కుకూ వెనుక భాగం కుంగుతుంది, లేస్తుంది. తొక్కే బలంలో కొంత స్ప్రింగు ఊగడానికే పోతుంది. ఊగే చేతి కీలును సరైన చోట పెడితే చైను లాగుడే ఆ కుంగుడును అడ్డుకుంటుంది. ఆ చోటు పట్టుకోవడానికే కంపెనీలు పేటెంట్ల మీద పేటెంట్లు తీసుకున్నాయి. ఆ యువకుడి సైకిలుకు ఒక చిన్న మీట ఉంది. ఎక్కుడులో దాన్ని తిప్పితే ఆయిలు దారి దాదాపు మూసుకుని షాక్ బిగుసుకుంటుంది. ఎర్ర మర ఇంకొకటి ఉంది. అది తిరిగి లేచే వేగాన్ని తగ్గిస్తుంది. దాన్ని చూసి నేను చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఒక్క మర ఉండి ఉంటే వాడు పరీక్ష రాసేవాడు.

తల్లిదండ్రులారా, అంగడిలో సీటును గట్టిగా నొక్కి వదలండి. మెల్లగా, ఒకేసారి లేచి ఆగితే డాంపరు ఉన్నట్టు. టక్కున లేచినా, లేచి రెండుమూడు సార్లు ఊగినా లేనట్టే. మంచిదైతే సీళ్ళు, ఆయిలు ఖర్చు ఏటా ఉంటుంది, 50, 100 గంటల సవారీకి విప్పి చూడాలంటారు. స్కూలుకు పోయే తారు రోడ్డుకు వెనుక షాక్ అవసరమే లేదని నా అభిప్రాయం. 2006-07లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటికి ఏ స్ప్రింగూ లేదు, సీటు కింద తప్ప. వాటి మీదే ఎంతోమంది ఎస్సెస్సెల్సి దాటారు. లావు టైరు, కొంచెం తక్కువ గాలి, ఆ రెండే సగం షాక్.

పిల్లలకు ఒక మాట. మన పక్కనే హోసూరులో గేబ్రియల్ కంపెనీ షాక్ అబ్జార్బర్లు తయారుచేస్తుంది. 1961 నుంచి ఉన్న కంపెనీ. ఐటిఐ, డిప్లొమా చదివేవాళ్ళు ఆ పిస్టను, వాషర్లు, సీళ్ళు ఇలాంటి చోట్లే చేతితో పట్టుకుని నేర్చుకోవాలి. మా మనవడు ఇప్పుడు పియుసి సైన్సులో ఉన్నాడు. వెనుక షాక్ లేని సైకిలు తొక్కుతున్నాడు. ఎర్ర స్ప్రింగును నేను పారెయ్యలేదు.

దాన్ని ఈరోజు సంచిలో తెచ్చాను. పక్కనే పాత మోటారు సైకిలు షాక్ ఒకటి కూడా ఉంది, మెకానిక్కు ఇచ్చాడు. రెండింటినీ ఈ టేబులు మీద పెడుతున్నాను. భోజనాలకు ముందు ఒక్కొక్కరుగా వచ్చి రెండింటినీ నొక్కి వదిలి చూడండి. ఎర్ర స్ప్రింగు దగ్గర మొహం వంచకండి, గడ్డానికి తగులుతుంది.